రెక్కలు అక్కడ, ఒళ్ళు ఇక్కడ

మేడమీది గది,
వానలు మొదలైన వారం

బావమరిదికి,

పార్సిలు చేరిందని నీ కార్డు వచ్చింది. రెక్కలు, నాలుగు ఇంజిన్లు, పంకాలు నీ దగ్గర. ఒళ్ళు, తోక, చక్రాలు నా దగ్గర. అన్నదమ్ములైతే ఈపాటికి కోర్టులో ఉండేవాళ్ళు. మనం బావాబావమరుదులం కాబట్టి పంపకాలు నవ్వుతూ అయ్యాయి.

మీ అక్క ఉన్నన్నాళ్ళూ ఈ బొమ్మ విమానం పెట్టె తెరవనిచ్చిందా? "యుద్ధ ట్యాంకులు మోసే విమానమట, రెక్క కొస నుంచి కొసకి గజం పొడుగట, ఇక నా భోజనాల బల్ల ఏం కావాలి? ముక్కలు పంచుకుని ఎవరింట్లో వాళ్ళు చేసుకోండి" అనేది. ఆవిడ పోయి రెండేళ్ళయ్యాక ఇప్పుడు ఆ మాట వింటున్నాం. బతికుండగా చెవిన పెట్టని మాటలన్నీ ఒక్కొక్కటే వింటున్నాను. నిన్న తడి తువ్వాలు మంచం మీద పడెయ్యబోయి, ఆగి, తీగ మీద ఆరేశాను.

ఇక పని సంగతి. చిన్న చిన్న విమానాలు చేసి మనం మొనగాళ్ళం అనుకున్నాం గాని, ఇది మనల్ని ఏడిపించేలా ఉంది. ఒళ్ళు రెండు చెక్కలు కదా, కుడి చెక్క అరటిపండులా వంకర తిరిగి ఉంది. ముక్కు దగ్గర కలిపితే తోక దగ్గర వేలు దూరేంత సందు. తోక దగ్గర కలిపితే ముక్కు నోరు తెరుస్తుంది. బస్సు డిపోలో ఇంతకంటే మొండి బాడీలను దారికి తెచ్చినవాణ్ణి, ఈ ప్లాస్టిక్‌ ముక్కకి లొంగుతానా? పాత ట్యూబు కోసి రింగులు చేశాను. ఒక్కో చోట జిగురు పూసి, రింగు తొడిగి, మర్నాటిదాకా ముట్టుకోకుండా బెత్తెడు బెత్తెడు ముందుకి పోతున్నాను.

ఫోను చెయ్యకు. చేసినా నాకు వినబడదు, నువ్వు అరుస్తావు, మీ ఆఫీసంతా నా సంగతులు వింటుంది. ఉత్తరమే నయం.

అన్నట్టు, కింది పళ్ళు పూర్తిగా తీసేశారు. కట్టుడు పళ్ళకి కొలతలు ఇచ్చి వచ్చాను. ప్రస్తుతానికి నవ్వు తగ్గించి, గంజి తాగుతున్నాను.

నీ బావ


సర్వే ఆఫీసు, పటాల గది,
మధ్యాహ్నం

బావా,

నీ ఉత్తరం మా ఇంటావిడకి చదివి వినిపించాను. తువ్వాలు దగ్గర ఆవిడ కళ్ళు తుడుచుకుంది. ఆ వెంటనే నా తువ్వాలు ఎక్కడుందో చూడమంది. నీ వల్ల నాకు ఈ ఇంట్లో మంచి జరగడం మానేసి చాలాకాలమైంది.

రెక్కల సంగతి చెప్తాను. ఈ కిట్టు అచ్చు పోసినవాడెవడో గాని పని మీద శ్రద్ధ లేనివాడు. రెక్క మీద రేకుల అతుకులు చూపించే సన్న గీతలు ఉన్నాయి చూడు, అవి ఎడమ రెక్కలో ఒకచోట, కుడి రెక్కలో మరోచోట ఉన్నాయి. నువ్వైతే "ఎవడు చూస్తాడోయ్" అంటావు. నేను చూస్తాను. అన్నీ పుట్టీతో పూడ్చి, నున్నగా చేసి, సూదితో కొత్తగా గీస్తున్నాను. రోజూ భోజనం అయ్యాక మిగిలే కాస్త సమయంలో ఒకటో రెండో గీతలు. మా పైఅధికారి ఒకసారి తొంగి చూసి, ఇది ఏ జిల్లా పటమని అడిగాడు.

రెక్కలు ఒంటికి తగులుకునే చోట, అంటే విమానం వీపు మీద, విడిగా ఒక ముక్క ఉంది కదా, వెన్ను ముక్క. అది నీ దగ్గరే ఉంది. నీ వైపు పని అయ్యాక అది నాకు పంపు. దాని మీద పెట్టి చూసుకుంటే గాని రెక్కల వాలు సరిపోయిందో లేదో తెలియదు.

ఒక్క విషయం నెత్తి మీద మొట్టి చెప్తున్నాను. ఒళ్ళు పూర్తిగా మూసెయ్యకముందే ముక్కులో సీసం గుళ్ళు పొయ్యి. మరిచిపోయావో, ఇంత పెద్ద విమానమూ ముక్కు పైకెత్తి తోక మీద కూర్చుంటుంది. తరువాత నువ్వు ఎంత బతిమాలినా లేవదు.

పళ్ళు పెట్టించుకున్నాక ఫొటో పంపు. మా ఇంటావిడ నువ్వు నవ్వుతుండగా చూసి చాలాకాలమైందని అంటోంది.

నీ బావమరిది


మేడమీది గది,
వానలు వెలిశాయి

బావమరిదికి,

ఒళ్ళు మూసేశాను. అతుకు మీద ఉప్పుకాగితం రుద్ది రుద్ది నా వేలిముద్రలు అరిగిపోయాయి. ఇప్పుడు ఏ దొంగతనం చేసినా పట్టుబడను.

పళ్ళు వచ్చాయి. సరిగ్గా కూర్చోలేదు, మళ్ళీ వెళ్ళాను. కాస్త అరగదీశారు. ఎడమవైపు ఏదో నొక్కుతున్నట్టనిపించి ఇంకోసారి వెళ్ళాను. పళ్ళ డాక్టరు కొలతలు తీసి ఊరుకుంటాడు, అసలు పళ్ళు చేసేది ఒకావిడ. వీధి చివర మెట్లెక్కితే చిన్న పని గది. గోడ పొడుగునా అరల్లో ఊరిజనం దవడలన్నీ సున్నపు అచ్చుల్లో పెట్టుకుని ఉంటుంది. మొదటిసారి చూసినప్పుడు అందరూ కలిసి నన్ను చూసి నవ్వుతున్నట్టనిపించింది. ఆవిడ ఒక్కో పన్నూ మైనంలో గుచ్చి, వెలుతురుకి ఎత్తి చూసి, మళ్ళీ తీసి, వెంట్రుకవాసి జరుపుతుంది. నీకంటే చాదస్తం. నీలాంటివాళ్ళు లోకంలో ఇంకొకరున్నారని అప్పుడు తెలిసింది.

విమానం కడుతున్నానని మాటల్లో చెప్తే నమ్మలేదు. తీసుకెళ్ళి చూపించాను. వంకర చెక్క వైపు అటూ ఇటూ తిప్పి చూసి, ఇలాంటి దవడలు చాలా చూశానంది.

వచ్చే వారం మళ్ళీ వెళ్ళాలి. కుడివైపు ఏదో గరగరమంటోంది.

వెన్ను ముక్క ఈ ఉత్తరంతోపాటే పంపుతున్నాను. దానికీ ఒంటికీ మధ్య పెద్ద సందు వచ్చింది, ముక్క అంచు మీద పూడ్చి రంగు వేశాను. గీతలు కూడా గీసేశాను. బాగా కుదిరిందనే అనుకుంటున్నా. చూసి చెప్పు. తిట్టేదుంటే ఒకే ఉత్తరంలో తిట్టెయ్, వాయిదాల్లో వద్దు.

నీ బావ


సర్వే ఆఫీసు, పటాల గది,
టీ వేళ

బావా,

వెన్ను ముక్క చేరింది. చూడగానే నిన్ను పొగడాలనిపించింది. ఆ తరువాత కిటికీ దగ్గరకి తీసుకెళ్ళి చూశాను.

గీతలు నీవి కావు.

నీ గీత ఎలా ఉంటుందో నాకు తెలుసు. రెంచి పట్టినట్టు సూది పడతావు. మొదట్లో లోతుగా దిగుతుంది, మధ్యలో నీకు విసుగొస్తుంది, చివరికి స్కేలు దాటి జారిపోతుంది. మనం ఇంతకుముందు చేసిన విమానాలన్నిటి మీదా నీ జారుడు ఉంది. ఈ ముక్క మీద గీత మొదట్నుంచి చివరిదాకా ఒకే లోతు. చివర చెయ్యి తేలిగ్గా పైకి లేచింది. ఇన్నేళ్ళుగా పటాలు గీస్తున్నాను, నాకే ఇంత శుభ్రంగా రాదు.

రెక్క ఆనించి చూద్దామని అంచు దగ్గర కాస్త రంగు గీకాను. కింద పుట్టీ లేదు. గులాబీ రంగుది ఏదో ఉంది. చిగుళ్ళ గులాబీ. ఆకుపచ్చ సైనిక విమానానికి చిగుళ్ళు ఎక్కడివని నవ్వుకుంటూ ముక్కు దగ్గర పెట్టుకుంటే పళ్ళ ఆస్పత్రి వాసన వచ్చింది. అక్కడ నా నవ్వు ఆగిపోయింది.

నీ పాత ఉత్తరాలు తీసి చదివాను. పళ్ళు అరగదీయించుకోవడానికి ఇన్నిసార్లు వెళ్ళినవాణ్ణి నేను ఎక్కడా వినలేదు. ఈపాటికి అవి పొడి అయిపోయి ఉండాలి.

బావా, వేళాకోళం పక్కన పెట్టి అడుగుతున్నాను. ఎవరావిడ? ఇది మన ఇద్దరి పని అనుకున్నాను. ఇందులో మూడో మనిషంటూ ఉంటే అది మా అక్క. భోజనాల బల్ల మీద జిగురు మరకలు కిరసనాయిలు పెట్టి తుడిచిన మనిషి. ఆవిడ చోటులో ఇంకొకళ్ళ చెయ్యి పెట్టనిచ్చి, ఆ పని నీదేనని చెప్పి నాకు పంపావు. నాకు బాధేసింది. దాచుకోవడం నాకు రాదు కాబట్టి రాస్తున్నాను.

నీ బావమరిది


మేడమీది గది,
చలి మొదలైంది

బావమరిదికి,

నీకు అబద్ధం చెప్పలేదు, నిజం చెప్పలేదంతే అని రాయబోయాను. రెండింటికీ తేడా లేదని నువ్వంటావు. లేదు.

పళ్ళు మొదటిసారే సరిపోయాయి. తరువాత వెళ్ళినవన్నీ ఊరికే వెళ్ళాను.

ఎందుకు వెళ్ళానంటే చెప్తాను, నవ్వకు. నాతో అందరూ అరుస్తారు. కూరగాయలవాడు అరుస్తాడు, బస్సు కండక్టరు అరుస్తాడు, నువ్వూ అరుస్తావు. అరిస్తే నాకు ఇంకా వినబడదు, అరుస్తున్నారన్న సంగతి మాత్రం తెలుస్తుంది. ఆవిడ పని గదిలో రోజంతా మోటారు మోత, అందుకని మనిషికి ఎదురుగా తిరిగి, నోరు కనబడేలా మెల్లగా మాట్లాడే అలవాటు. పెదాలు చూస్తే చాలు, నాకు ప్రతి మాటా అందింది. ఇంటికొచ్చాక తెలిసింది, ఇన్నాళ్ళూ ఈ ఇంట్లో నాకు ఏమీ వినబడకపోవడం చెవుడు వల్ల కాదు, మాట్లాడేవాళ్ళు లేక.

ఆవిడ తల్లిని చూసుకుంటూ పెళ్ళి చేసుకోలేదు. ఆ తల్లి పోయింది. తోడబుట్టినవాళ్ళు లేరు. నీకంటే నాలుగైదేళ్ళు చిన్న ఉంటుంది. మీ అక్క గురించి అడిగింది, చెప్పాను. ఎంతసేపు చెప్పినా విసుక్కోలేదు. వెన్ను ముక్క సందు నా పుట్టీకి మూడుసార్లు పగిలిపోయింది. మూడోసారి నేను దాన్ని గోడకేసి కొట్టబోతుంటే చేతిలోంచి తీసుకుని, చిగుళ్ళు చేసే ముద్ద కలిపి పూడ్చింది. గీతలు కూడా ఆవిడే గీసింది. చూసి మురిసిపోయాను. నీ మెచ్చుకోలు కొట్టేద్దామని నా పేరు పెట్టుకున్నాను. దొంగతనం చేసినా పట్టుబడనని రాశాను కదా, పట్టుబడ్డాను.

ఇద్దరం పెళ్ళి రిజిస్టరు చేసుకుందామనుకుంటున్నాం. ముందు నీకు చెప్పాలని అన్నాను. ఆవిడ కూడా అదే అంది.

నువ్వు వద్దంటే మానేస్తాను. బెదిరించడానికి అనడం లేదు. నాకు పిల్లలు లేరు, నా వైపు పలకరించేవాళ్ళు లేరు. మీ అక్క వైపు నుంచి మిగిలింది నువ్వొక్కడివే. రేపు నువ్వు నన్ను బావా అనడం మానేస్తే, ఈ లోకంలో నేను ఎవరికి ఏమవుతాను? ఆవిడని వదులుకుని బతకగలనేమో. నిన్ను పోగొట్టుకుని మాత్రం బతకలేను. అందుకే అడుగుతున్నాను.

నీ బావ


ఇల్లు,
ఆదివారం

బావగారికి,

మీ ఉత్తరం అందింది.

మీ జీవితం మీది. నా అనుమతి అడగడం నాకు ఇబ్బందిగా ఉంది. ఇస్తే అక్కకి ద్రోహం చేసినట్టు, ఇవ్వకపోతే మీకు అన్యాయం చేసినట్టు. ఈ తక్కెడ నా చేతికి ఎందుకు ఇచ్చారో తెలియదు.

మిమ్మల్ని బావా అనడం నేను పుట్టుకతో నేర్చుకున్నది కాదు. మా అక్క మీ చెయ్యి పట్టుకుంది కాబట్టి అన్నాను. ఆ చోటులోకి మరొకరు వచ్చాక ఆ పిలుపుకి ఏం అర్థమో నాకు తెలియడం లేదు. ఇంకొకావిడని అక్కా అనడం నా వల్ల కాదు. నోరు తిరగదు.

రెక్కలు పూర్తయ్యాయి. వీలు చూసుకుని వెన్ను ముక్కతో కలిపి పార్సిలు చేస్తాను. అతికించడానికి మీకు నాకంటే మంచి చెయ్యి దొరికింది కదా.

ఇట్లు


మేడమీది గది

బావమరిదికి,

నన్ను "మీరు" అన్నావు. కింద నీ బావమరిది అని కూడా రాయలేదు. నాలుగుసార్లు కాగితం తిరగేసి చూశాను, వెనక ఎక్కడైనా రాశావేమోనని.

రెక్కలు పంపకు. నీ దగ్గరే ఉంచుకో, అవి నువ్వు చేసినవి.

ఆవిడతో చెప్పేశాను, ఇక రానని. ఎందుకని అడగలేదు. నా ముఖం చూసి తెలుసుకుంది. ఒంటిని పాత దుప్పట్లో చుట్టి బీరువా మీద పెట్టాను. నీ మీద కోపంతో చేసింది కాదు, నిష్ఠూరం ఆడటానికి రాయడం లేదు. అడిగాను, చెప్పావు. అంతటితో అయిపోయింది. ఎప్పటిలా రాస్తూ ఉండు. వంకాయలెంత, వానలెంత అని ఏదో ఒకటి రాయి.

నీ బావ


పళ్ళ పని గది,
ఉదయం

అయ్యా,

నమస్కారం. నేనెవరో మీకు తెలుసు. ఉత్తరం రాయడం సాహసమే. మీ చిరునామా వెన్ను ముక్క పార్సిలు మీద చూసి గుర్తుపెట్టుకున్నాను. ఇలా రాస్తున్నట్టు ఆయనకి తెలియదు.

ముందు క్షమాపణ. ఆ విమానం మీరిద్దరే చేస్తున్నారని మాత్రమే తెలుసు. దానితో ముడిపడిన మనిషి ఎవరో తరువాత ఆయన చెప్పగా తెలిసింది. ముందే తెలిసి ఉంటే ఆ ముక్క ముట్టుకునేదాన్ని కాను. మా పనిలో ఒకరి నోట్లో పళ్ళు మరొకరికి పెట్టకూడదు, ఎంత బాగున్నా సరే. నేను అలాంటి పని చేశాను.

నేను పూడ్చినది తీసెయ్యొచ్చు. నా దగ్గరున్న సన్న మోటారుతో, మధ్యమధ్య నీళ్ళు చల్లుకుంటూ అరగదీస్తే ముక్కకి దెబ్బ తగలకుండా వచ్చేస్తుంది. ఓపిక కావాలి, అది నాకు ఉంది. మీరు ఆ ముక్క నాకు పంపిస్తే శుభ్రం చేసి మీకే తిప్పి పంపుతాను. గీతలు కూడా పూడ్చేస్తాను. నా చెయ్యి పడినట్టు ఆనవాలు ఉండదు. అప్పుడు మీరిద్దరూ మీ పని మీరు చేసుకోవచ్చు.

పెళ్ళి సంగతి రాయడానికి ఈ ఉత్తరం మొదలుపెట్టలేదు. ఆయన మానుకున్నారు, నేను ఒప్పుకున్నాను. చిన్నపిల్లలం కాము. కాని ఆయన విమానం చెయ్యడం మానేశారు, నాకు అది నచ్చలేదు. వీధిలో నాలుగు రోజుల కిందట కనబడ్డారు. పళ్ళు పెట్టుకోలేదు. అడిగితే, ఎవరితో మాట్లాడాలని పెట్టుకోను అన్నారు. ఆ పళ్ళు చేసింది నేను. నేను చేసినవాటిలో అంత బాగా కుదిరినవి లేవు. వాటిని గ్లాసులో నానబెట్టి ఉంచారంటే నాకు కష్టంగా ఉంది.

మరొక సంగతి. ముక్కులో సీసం గుళ్ళు పొయ్యాలని మీరు రాశారట. ఆయన మరిచిపోయి మూసేశారు. చక్రాలు పెట్టి బల్ల మీద నిలబెడితే విమానం తోక మీద కూర్చుంది. మీకు తెలిస్తే తిడతారని దాచారు. నేను చెప్పానని తెలిస్తే నన్ను తిడతారు. అయినా చెప్తున్నాను, ఎందుకంటే మీరు తిట్టి రాస్తే ఆయన మళ్ళీ దాన్ని బీరువా మీద నుంచి దింపుతారని నాకు అనిపిస్తోంది. దయచేసి తిట్టండి. మర్యాదగా మాత్రం రాయకండి. మీ మర్యాద ఉత్తరం ఆయన జేబులో పెట్టుకుని తిరుగుతున్నారు.

ఇట్లు
పళ్ళు చేసే మనిషి


సర్వే ఆఫీసు, పటాల గది,
ఎండ వచ్చింది

చెల్లెమ్మకి,

ఈ పిలుపు చూసి కంగారు పడకు. కారణం చెప్తాను, కాని పని మాట ముందు, లేకపోతే నాకు నిలకడ ఉండదు.

వెన్ను ముక్క పంపను. నీ ఉత్తరం రాకముందే, కోపం మీద ఉన్న రోజుల్లో, ఆ గులాబీ ముద్ద నేనే చాకు పెట్టి తీసేద్దామని కూర్చున్నాను. తియ్యబోయే ముందు రెక్కలు ఒకసారి దాని మీద ఆనించి చూశాను. రెండు రెక్కలూ ఎటూ ఊగకుండా, ఒకే వాలులో నిలబడ్డాయి. ఎడమ కొస ఎత్తూ కుడి కొస ఎత్తూ స్కేలు పెట్టి కొలిచాను. తేడా లేదు. నెలల తరబడి నేను రెక్కలు చెక్కింది ఇలా నిలబడటానికే. చాకు పక్కన పెట్టేశాను. కోపం మాత్రం పక్కన పెట్టలేదు, దానికి ఇంకొంత కాలం పట్టింది.

తరువాత మా ఇంటావిడ కల్పించుకుంది. నేను బావకి రాసిన మర్యాద ఉత్తరం సంగతి ఆవిడకి చెప్పలేదు. బావ జవాబు బల్ల మీద చూసి కూపీ లాగింది. ఏం రాశానో చెప్పమంది, చెప్పాను. బావ ఉత్తరం మడిచి నా ముందు పెట్టింది. తరువాత, "ఆడపడుచు పోయాక రెండేళ్ళుగా ఆయనకి మనం ఏం పంపాం? ఇంజిన్ల కొలతలు పంపాం. ఆ ఇంట్లో ఆయన ఎవరితో మాట్లాడుతున్నారని మీరు ఒక్కసారైనా అడిగారా?" అంది. అడగలేదు. నాకు అక్క గుర్తొచ్చినప్పుడల్లా నేను ఆయనకి ఉత్తరం రాసుకున్నాను. ఆయన తీరిగ్గా కూర్చుని నన్ను నవ్వించాడు. ఆయన్ని నవ్వించేవాళ్ళు ఉన్నారా లేదా అని నాకు తోచనే లేదు. ఆ మర్నాడే నీ ఉత్తరం వచ్చింది. నీ చెయ్యి ఆనవాలు లేకుండా తుడిచేస్తానన్న చోట నాకు సిగ్గేసింది.

ముక్కులో బరువు సంగతికి మందు ఉంది. ముక్కు చక్రం దిగే గుంట ఉంది చూడు, దాని పైకప్పులో సన్న రంధ్రం పెట్టు. నీ మోటారుకి అదొక లెక్కా? విమానాన్ని ముక్కు కిందికి పెట్టి నిలబెట్టి, ఆ రంధ్రంలోంచి సన్నవి చూసి సీసం గుళ్ళు ఒక్కొక్కటే వదులు. పట్టినన్ని పోశాక జిగురు కొద్దికొద్దిగా జార్చి, ఒక రోజంతా అలాగే ఉంచు. ఈ పని బావ చేతికి ఇవ్వకు. రంధ్రం అనుకుని తలుపు పెట్టేస్తాడు. తిట్లు వేరే కాగితం మీద రాసి ఇందులోనే పెట్టాను, బావకి ఇవ్వు. నువ్వు చెప్పావని అందులో లేదు. ముక్కు సంగతి నాకు కలలో కనబడిందని రాశాను. నమ్మడు, అయినా నువ్వు తొణక్కు.

ఇక పిలుపు.

నిన్ను అక్కా అనలేనని బావకి రాశాను. అది కోపంలో రాసిందే అయినా అబద్ధం కాదు. నన్ను చంకనేసుకుని పెంచినావిడ ఒకతే. ఆ చోటు ఆవిడది, దానికి అటూ ఇటూ జరగడం ఉండదు. నువ్వు కూడా జరగమని అడిగే మనిషివి కావని నీ ఉత్తరం చూశాక తెలిసింది. బావ తనని బావా అనమంటాడు. అక్క చోటు ఇంకొకరికి ఇవ్వకుండా ఆయన్ని బావా అనడం ఎలాగని రోజుల తరబడి తల బద్దలు కొట్టుకున్నాను. పటాలు గీసేవాడికి ఎదురుగా ఉన్న దారి కనబడకపోవడం చూశావా.

మా ఇంట్లో మేం ఇద్దరమే. అక్క, నేను. నాకు చెల్లెలు లేదు. ఆ చోటు నేను పుట్టిన దగ్గర్నుంచీ ఖాళీగానే ఉంది. నీకు అన్న లేడని బావ రాశాడు. అక్క మొగుడూ బావే, చెల్లెలి మొగుడూ బావే. ఎటు నుంచి వచ్చినా ఆయన నాకు బావే అవుతాడు, తప్పించుకోలేడు.

నీకు సమ్మతమైతేనే సుమా. నాలాంటి చాదస్తపు అన్న అవసరం లేదనుకుంటే మొహమాటం లేకుండా చెప్పెయ్యి.

బావ నాకు అనుమతి అడుగుతూ రాశాడు కదా, దానికి జవాబు ఇవ్వను. చెల్లెలి పెళ్ళికి అన్నని అనుమతి అడగరు, పనులు పురమాయిస్తారు. మా ఇంటావిడ అప్పుడే పెట్టె సర్దుతోంది. రెక్కలు ఒళ్ళో పెట్టుకుని రైల్లో వస్తాను, పార్సిలువాళ్ళని నమ్మను. మేం నీ గదిలోనే దిగుతాం, ఆ దవడలన్నిటినీ కాస్త అటు తిప్పి పెట్టు. బావ ఇంటికి పెళ్ళి అయ్యాకే వెళ్తాం.

ఆయనకి ముందే చెప్పి ఉంచు. మా అక్క పెళ్ళిలో నేను చిన్నవాణ్ణి, మర్యాదలు సరిగ్గా చెయ్యకపోయినా ఊరుకున్నాను. ఈసారి ఊరుకోను. ఈసారి కూడా నేను పెళ్ళికూతురి తరఫే.

నీ అన్న